పట్ తప్పితే నేరం మనసుదా?

గోల్ఫ్ తొంభై శాతం మనసు ఆట, చేతుల పని పది శాతమే. గోల్కొండ నయా ఖిలా కోర్సులో ఈ మాట వినిపిస్తుంది, గచ్చిబౌలిలో వినిపిస్తుంది, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో వినిపిస్తుంది. అమెరికాలో శని, ఆదివారాలు కోర్సుల్లో గడిపే మనవాళ్ల నోట మరీ ఎక్కువ. చెప్పేవాళ్లకు సందేహం లేదు, వినేవాళ్లకు అంతకన్నా లేదు. ఆ తొంభైని ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు? మనసు పాలెంత, మణికట్టు పాలెంత అని ఒక్క స్ట్రోకును రెండుగా విడదీసి తూకం వేసిన మొనగాడెవరు? ఎవరూ లేరు. లెక్క వేషం వేసుకున్న ఊహ అది. ఇన్నేళ్లుగా ఎదురు ప్రశ్న లేకుండా చెలామణీ అవుతోంది కాబట్టి ఇప్పుడైనా విచారణకు పెట్టాలి. తీర్పు పాఠకులదే.

గోల్ఫ్‌లో మనసుకు పని లేదని నేననను. చాలా ఉంది. అయితే ధైర్యం, ప్రశాంతత, ఆత్మవిశ్వాసం అంటూ క్లబ్బుల్లోనూ పుస్తకాల్లోనూ అమ్ముడుపోతున్న సరుకుకీ ఆ పనికీ సంబంధం చాలా తక్కువ. ఆ సరుకు ఆటను బాగుచెయ్యదు సరికదా, అసలు లోపమేమిటో కనపడకుండా కప్పేస్తుంది. నా అభ్యంతరమంతా అక్కడే.

కొలిచిన లెక్కలు లేవా అంటే, ఉన్నాయి. కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల షాట్ల వివరాలు కూడగట్టి, ఏ షాటు ఎంత లాభం తెచ్చిందో, ఎంత నష్టం చేసిందో విడివిడిగా లెక్కకట్టాడు. 2014లో వచ్చిన ఆయన పుస్తకం 'ఎవ్రీ షాట్ కౌంట్స్' తేల్చిందేమిటి? మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ మధ్య స్కోరులో వచ్చే తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు వంద గజాల అవతల నుంచి కొట్టే షాట్లలోనే పుడుతోంది. అంటే బంతి ఎంత దూరం వెళ్లింది, ఎంత తిన్నగా వెళ్లింది అన్నదే పెద్ద పద్దు. అవతలివాడు ఏడో నంబరు ఐరన్ తీసే చోట నువ్వు ఐదో నంబరు తీయాల్సి వస్తే, ఆ తేడాను ఏ ప్రశాంతత పూడుస్తుంది?

పటింగ్ సంగతికొద్దాం, మనసు మీద అభియోగాలన్నీ అక్కడే నమోదవుతాయి కాబట్టి. 8 అడుగుల పట్ తప్పగానే మన ఆటగాడు తల పట్టుకుని "మైండ్ సెట్ కాలేదు" అంటాడు. పీజీఏ టూర్‌లో ఆడేవాళ్లు, అదే బతుకుగా రోజూ గంటల తరబడి సాధన చేసేవాళ్లు, 8 అడుగుల నుంచి వేసేది సుమారు సగమే. 10 అడుగుల నుంచి నూటికి 40. 20 అడుగుల నుంచి 15. ఆదివారం టీవీలో మనకు కనిపించేది ఆ వారం పట్లు బాగా పడుతున్నవాళ్ల ఆట మాత్రమే. పడక శుక్రవారమే ఇంటిదారి పట్టినవాళ్ల మీదికి కెమెరా వెళ్లదు. ఆ ఆట చూసి అలవాటుపడి, నూటికి యాభై సార్లు ప్రపంచ నిపుణులే తప్పే పట్‌ను తను తప్పినందుకు మనోబలం లేదని కుమిలిపోవడం ఏం న్యాయం? ఇక్కడ దోషం గుండె నిబ్బరానిది కాదు, పెట్టుకున్న అంచనాది.

ఈ తప్పుడు నిర్ధారణ ఎలా పనిచేస్తుందో కళ్లారా చూడొచ్చు. ఒక క్లబ్బులో గ్రీన్‌కు పదిహేను గజాల ఇవతల ఓ పెద్దమనిషి చిప్ చెయ్యబోయాడు. బంతి ఎడమ బొటనవేలికి ఎదురుగా ఉంది. ఒంటి బరువంతా కుడికాలి మీదే. బంతిని గరిటెతో లేపినట్టు మణికట్లు విదిలించాడు. వెడ్జ్ అంచు బంతికి మూడంగుళాల వెనకే నేలలో దిగబడింది; బంతి కాస్త దొర్లి ఆగిపోయింది. "తల ఎత్తేశారు సార్, కాన్సన్‌ట్రేషన్ పోయింది" అన్నాడు క్యాడీ. "అవునయ్యా, ఆఫీసు టెన్షన్లు" అన్నాడాయన. బరువు వెనక్కి పెట్టి, బంతిని అంత ముందుకు పెట్టుకుని కొడితే హిమాలయాల్లో తపస్సు చేసి వచ్చినవాడికైనా క్లబ్బు నేలలోనే దిగుతుంది. పావుగంట పాఠంతో పోయే లోపం అది. దానికి ఆఫీసు టెన్షన్ అని పేరు పెట్టుకున్నాక ఆ పావుగంట పాఠం ఆయనకు ఎప్పటికైనా అందుతుందా?

ఎదుటి పక్షం ఈపాటికి తన పెద్ద సాక్షిని పిలుస్తుంది. 1999 బ్రిటిష్ ఓపెన్, స్కాట్లండ్‌లోని కార్నూస్టీ, చివరి హోల్, ఫ్రెంచి ఆటగాడు జాన్ వాన్ డె వెల్డ్. మూడు షాట్ల ఆధిక్యం, ఆరింటిలో ముగించినా కప్పు అతనిదే, ఏడు కొట్టాడు. ఒత్తిడికి మనసు చెదిరిపోవడానికి ఇంతకంటే ఉదాహరణ ఉందా అంటారు. సరే, ఆ ఏడు స్ట్రోకుల్నీ ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది డ్రైవర్. బాగా కుడికి పోయింది, అయినా వాగు దాటి భద్రంగానే పడింది. రెండోది రెండో నంబరు ఐరన్. కుడివైపు గ్యాలరీ కమ్మీకి తగిలి వెనక్కి ఎగిరి, బారీ బర్న్ అనే ఆ వాగు రాతిగోడ మీద పడి, మళ్లీ ఎగిరి, మోకాలెత్తు గడ్డిలో దూరింది. ఆ కమ్మీకి కాస్త పక్కగా వెళ్లి జనం మధ్యే ఆగి ఉంటే, నిబంధనల ప్రకారం పెనాల్టీ లేకుండా డ్రాప్ దొరికేది. ఒక ఇనుప కమ్మీ ప్రవర్తనకు మనిషి గుండె నిబ్బరం పూచీ పడాలా? మూడోది అసలు తప్పు. దట్టమైన గడ్డిలోంచి నేరుగా గ్రీన్‌కు కొట్టబోయి వాగులో వేశాడు. పక్కకు ఫెయిర్‌వే మీదికి తీసుకుని ఉంటే ఇంకా చేతిలో షాట్లున్నాయి. బూట్లు విప్పి నీళ్లలోకి దిగి, కాసేపు చూసి, నాలుగో స్ట్రోకుగా పెనాల్టీ తీసుకుని డ్రాప్ చేశాడు. ఐదో స్ట్రోకు బంకర్‌లో పడింది. ఆరోది బయటికొచ్చి జెండాకు ఆరేడు అడుగుల దూరంలో ఆగింది. ఏడోది ఆ పట్. ప్రపంచమంతా చూస్తుండగా, చేజేతులా కప్పు పోగొట్టుకున్న అవమానం నెత్తిన ఉండగా, తప్పితే ప్లేఆఫ్ కూడా దక్కదని తెలిసి, ఆ పట్‌ను తిన్నగా కప్పులో వేశాడు.

పాఠకులు ఆలోచించండి. మనసు చెదిరినవాడు ఆ పట్ వేయగలడా? అతనిలో లోపించింది ధైర్యం కాదు. ధైర్యం ఉండవలసినదానికన్నా ఎక్కువే ఉంది. లోపించింది మూడో స్ట్రోకు ముందు రావలసిన లెక్క. ప్లేఆఫ్‌లో గెలిచిన పాల్ లారీ ఆ రోజు పొద్దున పది షాట్లు వెనకబడి మొదలుపెట్టాడన్నది కూడా చాలామంది మరిచిపోతారు. ఓడినవాడి మనసు గురించి పాతికేళ్లుగా మాట్లాడుకుంటూ గెలిచినవాడి ఆటను పక్కన పెట్టేశారు.

మన దేశంలో ఈ వాదానికి ఇంకో బలం ఉంది, గీత. స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ 1995లో 'ది లెజెండ్ ఆఫ్ బ్యాగర్ వాన్స్' అనే నవల రాశాడు. గీత చట్రంలో గోల్ఫ్ కథ అది. కృష్ణుడి చోట క్యాడీ, అర్జునుడి చోట యుద్ధంలో మనసు విరిగి ఆట వదిలేసిన గోల్ఫర్. 2000లో రాబర్ట్ రెడ్‌ఫర్డ్ దాన్ని సినిమాగా తీశాడు. అప్పటినుంచి మనవాళ్లకు ధీమా మరీ పెరిగింది: ఫలాపేక్ష వదిలేస్తే చాలు, స్వింగ్ దానంతటదే వస్తుంది, గీతే చెప్పింది కదా!

గీత ఎవరికి చెప్పాడు కృష్ణుడు? విల్లు పట్టడం రానివాడికా? అస్త్రవిద్యంతా ముగించి, ద్రోణుడి దగ్గర మొదటి శిష్యుడనిపించుకుని, మత్స్యయంత్రం కొట్టి, ఉత్తర గోగ్రహణంలో ఒంటరిగా కౌరవ సేనను నిలువరించి వచ్చినవాడికి చెప్పాడు. కురుక్షేత్రంలో అర్జునుడి సమస్య గురి తప్పడం కాదు, యుద్ధం చెయ్యాలా వద్దా అన్నది. ఆ సమస్యకు ఇచ్చిన జవాబును తెచ్చి, ముప్పై హ్యాండిక్యాప్‌తో స్లైస్ కొడుతున్నవాడి చేతిలో పెడితే గీతకూ మర్యాద కాదు, గోల్ఫ్‌కూ ప్రయోజనం లేదు.

పైగా ఆ అర్జునుడి గురించే మనవాళ్లు సగం కథ గుర్తుంచుకుని సగం వదిలేశారు. చెట్టు మీది పక్షి పరీక్షలో గురి తప్ప ఇంకేమీ కనిపించడం లేదన్న జవాబు ఏకాగ్రతకు నమూనాగా ప్రతి ప్రసంగంలోనూ వస్తుంది. అదే ఆదిపర్వంలో దానికి ముందున్న ఘట్టం ఎందుకు రాదు? చీకట్లో అర్జునుడికి అన్నం పెట్టొద్దని ద్రోణుడు వంటవాడికి చెప్పి ఉంచాడు. ఒకనాడు భోజనం మధ్యలో గాలికి దీపం ఆరిపోయింది. చీకట్లోనూ చెయ్యి తడుముకోకుండా నోటికే పోవడం అర్జునుడు గమనించాడు. అలవాటుపడ్డ చేతికి వెలుతురు అక్కర్లేదని గ్రహించి, ఆ రాత్రినుంచే చీకట్లో బాణాలు వేయడం సాధన చేశాడు. వింటినారి మోత విని ద్రోణుడు లేచివచ్చి కౌగిలించుకున్నది ఆ సాధనను చూసి. గురి తప్ప ఇంకేమీ కనపడకపోవడం ఆ రాత్రుల ఫలం. రాత్రులు వదిలేసి పక్షి కన్ను మాత్రం కావాలంటే ఎలా వస్తుంది?

ఇదే సంగతిని ప్రయోగశాలలో తేల్చిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు సియన్ బైలాక్. ఆమె బృందం ఆరితేరిన గోల్ఫర్ల చేతా, కొత్తవాళ్ల చేతా పట్లు వేయించింది. క్లబ్బు కదలికను గమనిస్తూ కొట్టమన్నప్పుడు నిపుణులు దెబ్బతిన్నారు. దృష్టిని వేరే పనిమీదికి మళ్లించినా వాళ్ల ఆట చెడలేదు. కొత్తవాళ్ల విషయంలో సరిగ్గా తలకిందులు. తాము చేస్తున్న పని మీద శ్రద్ధ పెట్టినప్పుడే వాళ్లు బాగా వేశారు. దృష్టి మళ్లిస్తే చెడిపోయారు. దీని అర్థం ఎంత స్పష్టం! "ఆలోచించకు, మనసు ఖాళీగా పెట్టుకుని కొట్టు" అన్నది ఇరవై ఏళ్ల సాధన ఉన్నవాడికి మంచి సలహా. నలభయ్యో ఏట క్లబ్బు పట్టినవాడికి అది హాని. ఖాళీ చెయ్యడానికి అతని బుర్రలో ముందు ఏదో నిండాలి కదా. నిపుణులకు రాసిన మందు చీటీని ఊరందరికీ పంచుతున్న ఈ పుస్తకాలను ఏమనాలి?

"పాజిటివ్‌గా ఆలోచించు" అన్నదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గురి దాటించొద్దు అని గట్టిగా అనుకుంటూ పట్ వేసేవాళ్లు, బుర్ర మీద వేరే భారం ఉన్నప్పుడు గురిని మరింత దాటిస్తారని డేనియల్ వెగ్నర్ బృందం 1998లోనే చూపించింది. కాబట్టి "నీళ్లలో వేయకు" అని లోపల జపించడం మంచిది కాదు, ఒప్పుకున్నాను. దానికి విరుగుడు "నేను సాధిస్తాను" అని మరో జపమా? నీళ్లు వదిలి చూడవలసింది గురినే. ఫలానా చెట్టు కుడి కొమ్మ, ఫలానా బంకర్ ఎడమ అంచు. నమ్మకం ఉండటం, లేకపోవడం ఆ కొమ్మకు పట్టవు.

మరి మనసు చేసే అసలు పని ఏమిటి? ఇక్కడా కొలిచిన సంగతి ఒకటుంది. పరిశోధకులు డెవిన్ పోప్, మారిస్ ష్వైట్జర్ 2011లో టూర్ ఆటగాళ్ల 25 లక్షలకు పైగా పట్లను, లేజర్‌తో కొలిచిన దూరాలతో సహా, పరిశీలించారు. దూరం అదే, వేసేవాడూ అదే స్థాయివాడు. అయినా పార్ (హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకులు) కోసం వేసే పట్ కన్నా బర్డీ (పార్‌కు ఒకటి తక్కువ) కోసం వేసే పట్ సుమారు రెండు శాతం తక్కువసార్లు పడింది. కారణం? బోగీ (పార్‌కు ఒకటి ఎక్కువ) తప్పించుకోవాలంటే కప్పుదాకా ధైర్యంగా కొడతారు. బర్డీ దగ్గర, దాటిపోతుందేమోనని చెయ్యి వెనక్కి లాగుతారు. ఇదీ మనసు వేలు పెట్టిన చోటు. నిజమైనది, కొలతకు దొరికింది, ప్రపంచ మేటి ఆటగాళ్లలోనూ ఉంది. ఎంత? నూటికి రెండు. మనసు లెక్క మొత్తం ఇంతేనని నేననడం లేదు. కానీ తొంభై అని ఊగిపోయేవాళ్లు ఈ రెండు పక్కన నిలబడి సమాధానం చెప్పాలి. ఇక దీనికి మందు ధ్యానమా? పట్ పార్‌దా బర్డీదా అని చూడకుండా దూరాన్నీ వాలునూ మాత్రమే చూసి కొట్టడం. అది భావం కాదు, నిర్ణయం.

మనసు ఆట అన్నది ఏదైనా ఉంటే అది బంతి దగ్గర నిలబడక ముందే అయిపోతుంది. 150 గజాల దూరంలో గ్రీన్; జెండా కుడి అంచున; దాని కుడిపక్కనే నీళ్లు. మీ ఏడో నంబరు ఐరన్‌తో పది బంతులు కొడితే ఎంత మేర చెదురుతాయి? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు గ్రీన్ ఎడమ సగానికి గురిపెట్టి, కుడికి చెదిరిన బంతి కూడా పొడినేల మీదే పడేలా చూసుకుంటాడు. తెలియనివాడు ధైర్యంగా జెండాకే కొడతాడు. టూర్ ఆటగాళ్లే డ్రైవ్‌లలో నూటికి అరవై మాత్రమే ఫెయిర్‌వేలో వేయగలరు. వాళ్లకు తమ చెదురుడెంతో తెలుసు. మనవాడు మాత్రం ఎప్పుడో గాలి వెనకనుంచి వీచిన రోజున, ఒక్కసారి నిండుగా తగిలి వెళ్లిన దూరాన్ని తన దూరమని ఖాయం చేసుకుంటాడు. అందుకే అతని బంతి చాలాసార్లు గ్రీన్‌కు ఇవతలే బంకర్‌లో ఉంటుంది. ఇది మనసు లోపమే, కాదనను. కానీ ఆత్మవిశ్వాసం తక్కువై వచ్చిన లోపమా ఇది? ఎక్కువై కదా!

ఈ మనోబల సిద్ధాంతం అన్నిటికన్నా క్రూరంగా తయారయ్యేది యిప్స్ దగ్గర. రెండడుగుల పట్ వేసే క్షణంలో చెయ్యి తనంత తాను విదిలించుకుంటుంది. బెన్ హోగన్, శామ్ స్నీడ్ అంతటివాళ్లను పీడించింది. భయమంటారు, పిరికితనమంటారు. మేయో క్లినిక్ పరిశోధకులు దీన్ని పరీక్షించి, కొందరిలో ఇది ఆందోళన వల్ల వచ్చేదైతే, మరికొందరిలో డిస్టోనియా అనే నరాల సమస్య అని చెప్పారు. ఏళ్ల తరబడి ఒకే కదలిక చేసిన చేతికి, రాసి రాసి వేళ్లు పట్టేసే లేఖకుల చేతికి వచ్చినట్టే, వస్తుంది. అలాంటివాడి భుజం తట్టి "ధైర్యంగా ఉండు" అనడం సానుభూతి కాదు, నింద.

జర్మన్ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ ఏం చేశాడు? యిప్స్ వచ్చిన ప్రతిసారీ చేతులు మార్చాడు. ఎడమ చేతిని కుడి చేతికి కిందికి తెచ్చాడు. మళ్లీ వస్తే, పటర్ పిడిని ఎడమ ముంజేతికి ఆనించి, కుడి చేత్తో రెండింటినీ కలిపి పట్టాడు. తర్వాత పొడవాటి పటర్‌కు మారాడు. 1985లో, 1993లో మాస్టర్స్ గెలిచాడు. 2020లో, 63 ఏళ్ల వయసులో, అప్పటికి మాస్టర్స్‌లో కట్ దాటిన అతి పెద్ద వయస్కుడయ్యాడు. అతనిది గొప్ప మనసు కాదని ఎవరనగలరు? కానీ ఆ మనసు చేసిందేమిటి? మొండిగా పట్టు మార్చి చూస్తూ పోయింది.

మన పత్రికలూ తక్కువ తినలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచి కాంస్యానికి ఒక్క షాటు దూరంలో ఆగితే, రాసిందంతా ఆమె నిబ్బరం గురించే. డ్రైవ్ దూరంలో పట్టిక అడుగున ఉండి, తనకంటే ఎన్నో గజాలు ముందుకు కొట్టేవాళ్లతో సమానంగా ఆమెను నిలబెట్టింది అసాధారణమైన పటింగ్, చిన్ననాటినుంచి గంటలకొద్దీ సంపాదించుకున్న విద్య. విద్యను వదిలేసి స్వభావాన్ని పొగడటం ఆ అమ్మాయికి మర్యాదేనా? రేపు క్లబ్బు పట్టబోయే పిల్లకు దానివల్ల ఏం తెలుస్తుంది?

చివరగా రోరీ మెకల్‌రాయ్. 2011 మాస్టర్స్‌లో చివరి రోజు నాలుగు షాట్ల ఆధిక్యంతో మొదలుపెట్టి 80 కొట్టాడు. మనసు లేదన్నారు. పది వారాల తర్వాత యూఎస్ ఓపెన్‌ను ఎనిమిది షాట్ల తేడాతో గెలిచాడు. పది వారాల్లో కొత్త మనసు మొలిచిందా? 2025లో మాస్టర్స్ గెలిచి నాలుగు మేజర్లూ పూర్తిచేసినప్పుడు మళ్లీ అదే పాట: ఎట్టకేలకు మనసును జయించాడు! పక్కన బాబ్ రొటెల్లా అంతటి మనస్తత్వ నిపుణుడు లేడా అని అడుగుతారు. ఉన్నాడు. గురి మీద చూపు, ప్రతి షాటుకూ ఒకే క్రమం, ఫలితం ఏదైనా తర్వాతి షాటుకు పోవడం అని రొటెల్లా చెప్పేవి మంచి మాటలే. అవి నేర్చుకుని సాధన చేయవలసిన పద్ధతులు, తెచ్చిపెట్టుకునే ధైర్యం కాదు.

2025 మాస్టర్స్ చివరి ఆదివారం ఏం జరిగిందో చూసినవాళ్లకు తెలుసు. మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ. పదమూడో హోల్‌లో, జాగ్రత్తగా ముందే ఆగి, చేతికందే దూరం నుంచి వెడ్జ్‌తో బంతిని వాగులో వేశాడు. పద్దెనిమిదిలో, వేస్తే అక్కడికక్కడే గెలిచే ఐదడుగుల పట్ తప్పాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ప్రత్యర్థి జస్టిన్ రోజ్ ఆ రోజు 66 కొట్టి అతన్ని అందుకున్నాడు, మెకల్‌రాయ్‌ది 73. కుదుటపడ్డ మనసుకు కప్పు ఇచ్చేట్టయితే అది రోజ్‌కు దక్కాలి. కానీ పదిహేనో హోల్‌లో చెట్టును చుట్టివచ్చేలా వంచి గ్రీన్ మీద వేసిన ఐరన్ షాట్‌ను, పదిహేడులో జెండా పక్కన ఆపిన షాట్‌ను, ప్లేఆఫ్‌లో కప్పుకు నాలుగడుగుల్లో నిలిపిన వెడ్జ్‌ను మెకల్‌రాయ్ కొట్టాడు. రోజంతా వణికిన మనిషి కొట్టిన షాట్లవి. ఆ షాట్లను తొంభైలో రాస్తారా, పదిలో రాస్తారా?